ఆహార్యం తెలిసిన నటుడు – స్థానం నరసింహారావు

ముఖానికి రంగు పూసుకోవడం అనే మాటకి తెలుగులో రెండు అర్థాలున్నాయి. నాటకంలో వేషం వెయ్యడం ఒకటి. రెండోది దెప్పిపొడుపు. ఇంట్లో ఆడపిల్ల మేకప్ పని నేర్చుకుంటానంటే పెద్దవాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఈ రెండో అర్థమే. పెళ్ళికూతుర్ని ముస్తాబు చెయ్యడానికి మనిషిని పిలుస్తారు, అడిగినంత డబ్బూ ఇస్తారు. అదే పని మన ఇంటి పిల్ల చేస్తానంటే మాత్రం, అదేం చదువు, అదేం ఉద్యోగం అంటారు. మన భివండీలో మగ్గాల మీద బతికే ఇళ్ళలో ఈ మాట చాలామంది విన్నదే.

అందుకే ఈసారి మన గోడపత్రికలో, ముఖానికి రంగు పూసుకోవడమే బతుకుగా చేసుకొని పద్మశ్రీ దాకా వెళ్ళిన ఒక తెలుగువాడి జీవితం చెప్పుకుందాం. ఆయన స్థానం నరసింహారావు గారు. ఆయన మగవాడు. ఆయనకు పేరు తెచ్చినవన్నీ ఆడవేషాలు. ఈ చిన్న సంగతిలోనే మనం ఆలోచించాల్సింది చాలా ఉంది.

బాపట్ల కుర్రాడు

నరసింహారావు గారు 1902 సెప్టెంబర్ 23న అప్పటి గుంటూరు జిల్లా బాపట్లలో పుట్టారు. తల్లి ఆదెమ్మ, తండ్రి హనుమంతరావు. ఆయన పెరిగే రోజులకు కోస్తా ఊళ్ళలో నాటకం పిచ్చి బాగా ముదిరింది. దీని వెనుక మనకు దగ్గరగా ఉండే కథ ఒకటుంది. 1880లో ధార్వాడ నాటక కంపెనీ రాజమండ్రి వచ్చి నాటకాలు ఆడింది. వాళ్ళు వెళ్ళిపోయాక, వాళ్ళు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం గారు తన విద్యార్థుల చేత తెలుగు నాటకాలు ఆడించారు. అంటే తెలుగు నాటకం నిలబడటానికి ఊతం ఇటు పడమటి వైపు నుంచే వచ్చిందన్నమాట. ఆ తరవాత ఊరూరా నాటక సమాజాలు పుట్టాయి. హరిశ్చంద్ర, సారంగధర, చింతామణి వంటి నాటకాలు టిక్కెట్టు పెట్టి తెల్లవార్లూ ఆడేవారు. పద్యం పాడితే వన్స్‌మోర్ అని కేకలు పడేవి.

అయితే ఒక చిక్కు ఉండేది. నాటకంలో చంద్రమతి ఉంది, శకుంతల ఉంది, సత్యభామ ఉంది. ఆ వేషాలు కట్టడానికి ఆడవాళ్ళు లేరు. సంసారుల ఇళ్ళ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కకూడదని కట్టుబాటు. కడప సీమలోని సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజంలో మాత్రం కుటుంబం మొత్తం, ఆడవాళ్ళతో సహా వేషాలు వేసేవారు. మిగిలిన సమాజాల్లో ఎక్కువగా మగవాళ్ళే మీసం తీసేసి చీర కట్టేవారు.

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారు. చంద్రమతి వేషం వెయ్యాల్సిన నటుడు రాలేదు. అప్పటికప్పుడు ఆ వేషం పద్దెనిమిదేళ్ళ నరసింహారావు మీద పడింది. ఆ ఒక్క రాత్రితో ఆయన దారి మారిపోయింది. మరుసటి ఏడాది, 1921లో, తెనాలిలోని శ్రీరామవిలాస సభలో చేరారు. ఆ రోజుల్లో తెనాలి అంటే నాటకాలకు పుట్టిల్లు. మాధవపెద్ది వెంకటరామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి ఉద్దండులు అక్కడి నటులు. వాళ్ళ పక్కన నిలబడి మెప్పించడం మాటలు కాదు.

ఒక ముఖం, ఎందరో ఆడవాళ్ళు

భరతుడు అభినయాన్ని నాలుగు రకాలుగా చెప్పాడని మనం నాట్యశాస్త్రం పాఠంలో చదువుకున్నాం. ఆంగికం, వాచికం, సాత్వికం, ఆహార్యం. మొదటి మూడింటి గురించి పేజీలకు పేజీలు రాస్తాం. ఆహార్యం దగ్గరికి వచ్చేసరికి వేషం, నగలు, రంగులు అని ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తాం. స్థానం వారి జీవితం చూస్తే ఆ ఒక్క వాక్యం చాలదని తెలుస్తుంది.

ఆయన వేసిన వేషాలు ఒక్కసారి వరసగా చూడండి. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, సారంగధరలో చిత్రాంగి, విప్రనారాయణలో దేవదేవి, చింతామణిలో చింతామణి, కన్యాశుల్కంలో మధురవాణి, రోషనారాలో రోషనారా. వీళ్ళలో దేవదేవి, చింతామణి, మధురవాణి ముగ్గురూ వేశ్యలే. మామూలు నటుడైతే ముగ్గురికీ ఒకే పట్టుచీర, ఒకే వడ్డాణం, ఒకే కాటుక పెట్టి నడిపించేస్తాడు. కానీ ముగ్గురూ ఒకటి కాదు కదా. దేవదేవి ఒక భక్తుణ్ణి లొంగదీస్తానని పంతం పట్టి వచ్చి, చివరికి తానే మారిపోతుంది. చింతామణి అన్నీ చూసి విసిగి వైరాగ్యంలోకి వెళుతుంది. మధురవాణి లోకం తెలిసిన తెలివైన మనిషి, నవ్వుతూనే అందరి గుట్టూ బయటపెడుతుంది. చిత్రాంగి రాజు భార్య అయి ఉండి సవతి కొడుకు మీద మనసు పడుతుంది. రోషనారా మొగలుల ఇంటి ఆడపడుచు, ఆమె కట్టూబొట్టూ పూర్తిగా వేరు. ప్రేక్షకుడు ఆమె మాట్లాడకముందే, తెర లేచిన క్షణానే, ఈమె ఎవరో పోల్చుకోవాలి. ఆ పోలిక తెచ్చేది చీర రంగు, కట్టిన తీరు, బొట్టు, నడక.

స్థానం వారికి పేరొచ్చింది సరిగ్గా అక్కడే. పాత్రకు తగిన చీర, నగ, నడక ఆయనే ఆలోచించి ఎంచుకునేవారు. ఒక పాత్ర నడక ఇంకో పాత్రకు రానిచ్చేవారు కాదు. సత్యభామ అంటే స్థానమే అన్నంతగా ఆ పాత్ర ఆయనకు అంటుకుపోయింది. ముత్తరాజు సుబ్బారావు రాసిన ఆ తులాభారం నాటకంలో సత్యభామ పాడే ఒక పాట స్థానం వారే కట్టుకున్నారు. అది జనం నోళ్ళలో ఎంతగా నిలిచిందంటే, 1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమా తీసినప్పుడు ఆ పాటను వదులుకోలేకపోయారు. సినిమాలో ఆ సత్యభామ జమున. మగవాడు తన ఆడవేషం కోసం కట్టుకున్న పాటకు, నలభై ఏళ్ళ తరవాత ఒక ఆడమనిషి అభినయించడం గమ్మత్తైన విషయమే.

తులాభారం దృశ్యాన్ని మేకప్ కళ్ళతో ఒకసారి చూద్దాం. కృష్ణుణ్ణి నారదుడికి దానం ఇచ్చిన సత్యభామ, ఆయనను విడిపించుకోవడానికి తన బంగారమంతా తక్కెడలో పోస్తుంది. ముల్లు కదలదు. ఒంటి మీది నగలు కూడా వేస్తుంది. అప్పటిదాకా ఆమె గర్వమంతా ఆ నగల్లోనే ఉంది. అవి పోయాక మిగిలేది ముఖం ఒక్కటే. అక్కడ ఆ ముఖం చిన్నబోవాలి, కానీ అందం తగ్గకూడదు. అలంకారం పెంచుకుంటూ పోవడం తేలిక, తగ్గించుకుంటూ కథ నడపడం కష్టం. పెళ్ళికూతురికి ఎంత పెట్టాలో కాదు, ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషే పనిమంతురాలు అని పార్లర్‌లో నేర్పే అక్కలు చెప్పేది కూడా ఇదే కదా.

రంగు వెనుక పని

ఇప్పుడు మనకి ప్రైమర్, ఫౌండేషన్, కన్సీలర్, సెట్టింగ్ స్ప్రే అన్నీ దొరుకుతున్నాయి. ఆ రోజుల్లో మన నాటకాలవాళ్ళ పెట్టెలో ఏముండేది? సఫేదా అనే తెల్లపొడి, అంటే జింక్ ఆక్సైడ్, దాన్ని నూనెతో కలిపి పూసేవారు. పసుపుఛాయ కోసం అరదళం నూరేవారు. ఎరుపుకి ఇంగిలీకం. కళ్ళకు కాటుక. వీటిలో అరదళం పాషాణం జాతి, ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది. రాత్రంతా ఆ రంగుతో, దీపాల వేడిలో చెమటలు కక్కుతూ ఆడి, తెల్లారాక కొబ్బరినూనెతో తుడుచుకునేవారు. కళ కోసం చర్మాన్నే పణంగా పెట్టారంటే అది ఊరికే పొగడ్త కాదు.

మగ ముఖాన్ని ఆడముఖం చెయ్యడంలో ఇంకో కష్టం గడ్డం నీడ. ఎంత నున్నగా గీసినా చర్మం కింద నీలిఛాయ కనిపిస్తుంది. తెల్లరంగు పూస్తే అది బూడిదరంగులోకి తిరుగుతుంది. ఎరుపు కలిసిన రంగు అడుగున వేసి, దాని మీద ఒంటిఛాయ వేస్తే నీడ చచ్చిపోతుంది. ఇప్పుడు కళ్ళ కింద నలుపుకి ఆరెంజ్ కరెక్టర్ వాడటం కూడా ఈ లెక్కే. ఇక మెడ, భుజాలు, చేతులు. వెడల్పు భుజాన్ని పైట దాస్తుంది, చేతుల్ని జాకెట్టు పొడుగు చేతులు, గాజులు దాస్తాయి. పైట ఎక్కడ నిలపాలి, కుచ్చెళ్ళు ఎన్ని పోయాలి అన్నది సింగారం మాత్రమే కాదు, కొలత కూడా.

దీపం వెలుగు సంగతి మన నేతవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఒకే బట్ట పగటి వెలుగులో ఒక రంగు, బల్బు కింద ఒక రంగు కనబడుతుంది. అందుకే అద్దకం నుంచి వచ్చిన బట్టను వాకిట్లోకి తీసుకెళ్ళి చూస్తారు. నాటకాలవాళ్ళదీ అదే బాధ. పెట్రోమాక్స్ వెలుగులో వెలిగే చీర, కొత్తగా వచ్చిన కరెంటు దీపాల్లో వెలిసిపోయినట్టు ఉండొచ్చు. రంగు తెలియడం అంటే వెలుగు తెలియడమే.

అదే కాలంలో అమెరికాలో మాక్స్ ఫాక్టర్ అనే ఆయన ఇదే చిక్కు విప్పుతున్నాడు. 1877లో పోలండ్‌లో పుట్టిన ఆయన, వూచ్ అనే బట్టల మిల్లుల ఊళ్ళో చిన్నతనంలోనే విగ్గులు చేసేవాళ్ళ దగ్గర పనికి కుదిరాడు. తరవాత అమెరికా వలసపోయి, లాస్ ఏంజెలెస్‌లో కొట్టు పెట్టి, 1914లో సినిమా కోసం పల్చటి గ్రీజుపెయింట్ తయారుచేశాడు. 1930ల చివర్లో ఆయన కంపెనీ తెచ్చిన పాన్‌కేక్ మన మద్రాసు స్టూడియోల దాకా వచ్చింది. భివండీ లాంటి ఒక బట్టల ఊరి నుంచి వలసపోయిన పిల్లవాడు లోకం మొత్తానికి మేకప్ నేర్పాడన్నది మనం గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

మహారాష్ట్రలో బాలగంధర్వ

స్థానం వారిని బాలగంధర్వతో పోల్చడం తెలుగువాళ్ళకు అలవాటు. బాలగంధర్వ గురించి మన మరాఠీ స్నేహితురాళ్ళని అడిగితే చాలా చెబుతారు. అసలు పేరు నారాయణ్ శ్రీపాద్ రాజహంస్. 1888లో పుట్టి 1967లో పోయారు. శకుంతల, భామిని, రుక్మిణి, సింధు వంటి ఆడపాత్రలకు ఆయన పెట్టింది పేరు. ఆయన చీర కట్టినట్టు, పూలు పెట్టినట్టు పుణె, ముంబై ఇల్లాళ్ళు అనుకరించేవారు. స్టేజీ మీద అన్నీ అసలువే ఉండాలని ఖర్చుకు వెనుదీయక అప్పులపాలయ్యారు కూడా. తొమ్మిది గజాల చీరలో ఆయన, ఆరు గజాల చీరలో స్థానం. ఇద్దరి మధ్యా భాష వేరు, విద్య ఒక్కటే.

మనం ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆడది ఎలా నడవాలి, ఎలా సిగ్గుపడాలి, చీర ఎలా కట్టాలి అని మగవాళ్ళు స్టేజీ మీద చూపిస్తే ఇళ్ళల్లో ఆడవాళ్ళు నేర్చుకున్నారు. అదే ఆడది స్టేజీ ఎక్కితే మాత్రం కులం చెడిందన్నారు. చీర కట్టిన మగవాడికి బంగారు కిరీటం, రంగు పూసిన ఆడదానికి నింద. దీనికి స్థానం వారిని తప్పుపట్టలేం. ఆయన ఆ పాత్రల్ని వెక్కిరించలేదు, చవకబారు చెయ్యలేదు. వేశ్య పాత్రకి కూడా మర్యాద ఇచ్చి నిలబెట్టారు. కానీ ఆయన గొప్పతనం ఒప్పుకుంటూనే, ఆ స్థానంలో నిలబడే అవకాశమే దొరకని ఆడవాళ్ళని కూడా తలచుకోవాలి.

కాలం మారింది

1932లో తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద వచ్చింది. అది తీసింది ఎక్కడో కాదు, మన పక్కనున్న బొంబాయిలోనే. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి. లీలావతిగా నటించింది సురభి కమలాబాయి. కెమెరా దగ్గరకి వచ్చి చూస్తుంది కాబట్టి స్టేజీ మీద చెల్లిన ఆడవేషం సినిమాలో చెల్లదు. సినిమాతో పాటు ఆడవాళ్ళు నటనలోకి వచ్చారు. స్టేజీ మీద మాత్రం ఆడవేషాలు ఇంకొన్నాళ్ళు సాగాయి. బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివారు స్థానం తరవాత చింతామణి వేషాన్ని జనం మధ్య నిలబెట్టారు.

స్థానం వారికి గౌరవాలు చాలానే జరిగాయి. రంగూన్‌లో ఉన్న తెలుగువాళ్ళు ఆయనకు బంగారు కిరీటం పెట్టి సన్మానించారు. పొట్ట చేతపట్టుకొని సముద్రం దాటిన వలసజనం తమ భాష నాటకానికి అంత విలువ ఇచ్చారంటే, పద్మనగర్‌లో బతుకమ్మ ఆడే మనకి ఆ మనసు అర్థమవుతుంది. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. సంగీత నాటక అకాడమీ అవార్డు కూడా వచ్చింది. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో నాటకాల పని చూశారు. రంగూ చీరా ఏదీ పనికిరాని చోట, ఒక్క గొంతుతో పాత్రను కట్టే విద్య అది. తన అనుభవాలను నటస్థానం అనే పుస్తకంగా రాసిపెట్టారు. నేర్చుకున్నది తనతోనే పోకూడదని అనుకున్న మనిషి చేసే పని అది. 1971 ఫిబ్రవరి 21న ఆయన కన్నుమూశారు.

కథ అక్కడితో అయిపోలేదు

ఆడవాళ్ళు నటులయ్యారు, గాయకులయ్యారు, దర్శకులూ అయ్యారు. మరి మేకప్? హిందీ సినిమా పరిశ్రమలో దశాబ్దాల పాటు ఆడవాళ్ళకు మేకప్ ఆర్టిస్టు కార్డు ఇవ్వలేదు. ముంబైలోని సంఘం నియమాల ప్రకారం ఆడవాళ్ళు జుట్టు దువ్వే పని మాత్రం చేసుకోవచ్చు, మేకప్ మాత్రం మగవాళ్ళదే. కార్డు లేకపోతే షూటింగ్‌లో పని చెయ్యనివ్వరు. ఆడవాళ్ళు వస్తే మగవాళ్ళ పని పోతుందన్నది వాళ్ళ వాదన. ఇంట్లో ఒకరికొకరు ముస్తాబు చేసుకునే ఆడవాళ్ళకు, ఆ పనికి డబ్బు వచ్చే చోట తలుపు మూసేశారన్నమాట.

చదువుకొని ఈ విద్య నేర్చిన చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్టు, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 నవంబర్ 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ యు.యు.లలిత్ ఉన్న ధర్మాసనం ఆ నియమం రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. ఆ తీర్పులో మనకు పనికొచ్చే ఇంకో ముక్క కూడా ఉంది. సభ్యత్వానికి మహారాష్ట్రలో అయిదేళ్ళు నివాసం ఉండాలన్న షరతు కూడా చెల్లదని కోర్టు చెప్పింది. కరీంనగర్ నుంచో నల్గొండ నుంచో వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలం మనం. ఆడపిల్ల అన్న అడ్డు, పైనుంచి వచ్చినవాళ్ళన్న అడ్డు, రెండూ ఒకే తీర్పులో పోయాయి.

1920లో వేషగాడు రాక ఖాళీగా ఉన్న చోటు బాపట్ల కుర్రాడికి దొరికింది. తొంభై నాలుగేళ్ళ తరవాత కోర్టు చెబితే గాని ఆడవాళ్ళకు మేకప్ కుర్చీ పక్కన చోటు దొరకలేదు. చోటు దొరకడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. స్థానం వారు ఒక్క రాత్రి అదృష్టంతో ఆగిపోలేదు. పాత్రను చదివారు, చీరను చదివారు, వెలుగును చదివారు, అప్పుడు రంగు పట్టారు. ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరో తెలుసుకోకుండా బ్రష్ పట్టడం ఆయన పద్ధతి కాదు.

ఇంట్లో ఎవరైనా ముఖానికి రంగు పూసే పని కూడా ఒక పనేనా అని అడిగితే, కోపం తెచ్చుకోకండి. బాపట్లలో పుట్టిన సత్యభామ కథ చెప్పండి. తరవాత 2014 తీర్పు సంగతి చెప్పండి. ఆ తరవాత కోర్సు ఫీజు ఎంతో, ఎన్ని నెలలో, ఎక్కడ పని దొరుకుతుందో కాగితం మీద రాసి ముందు పెట్టండి. లెక్క చూపిస్తే వినే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో లేకపోలేదు.